కొత్త ప్రోగ్రాంలో నాన్న పడవ

మిడిల్ పాయింట్, పోర్ట్ బ్లెయిర్
జూన్ 2003

అమ్మా, ఇక్కడ వానలే గానీ నేను బాగానే ఉన్నాను, బెంగపడకు.

మా చేపల కంపెనీ కంప్యూటర్లో కొత్త ప్రోగ్రాం ఎక్కించాను. ప్రతి పడవకీ 'వేటలో' అనో 'ఒడ్డున' అనో పెట్టాలి. నాన్న పోయాడు కదా అని, ఆయన ఇక్కడ నడిపిన, ఆయన పేరుతోనే ఉన్న పడవని అందులోంచి తీసేయబోయాను. మా ఓనరు గవరయ్య మావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అప్పలరాముడు ఏటకెళ్లాడని ఎయ్యి బేటీ. ఒడ్డున కూకుంటాడేటి ఆడు?"

అలాగే పెట్టాను.

ఇంటి మీద తాటాకు మార్పించావా? ఓడకి ఎవరైనా వస్తుంటే ఎండు నెత్తళ్ళు పంపు. కాసులమ్మ అత్తకి దండాలు.

నాన్న వేటకెళ్తే నువ్వు కుండలో అన్నం అట్టేపెట్టేదానివి. ఇప్పుడు రోజూ తెర మీద ఆ పేరు చూస్తే, నాకూ అట్టేపెట్టాలనిపిస్తోంది.

నీ కూతురు,
రామలక్ష్మి