ఖాళీ క్యారేజీ

జూన్ 9, సోమవారం

ఇవాళ ఆడిటర్ గారితో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. అవీ మాటలు కావు, జీఎస్టీ. సాయంత్రం రేపల్లె నుంచి తెనాలి దాకా రైల్లో ఫోన్ చూస్తూ కూర్చున్నాను. బాపట్ల హాస్టల్లో రెండు మంచాలు కలిపేసి కబుర్లు చెప్పుకున్న మనిషినేనా నేను... అప్పటి వాట్సాప్ గ్రూపు ఇంకా ఉంది. పుట్టినరోజులకి కేకు బొమ్మలు పెడతారు. అంతే.

కొత్తగా స్నేహం ఎలా చేసుకుంటారో తెలియడం లేదు. కాలేజీలో పక్క బెంచీలో కూర్చోబెడితే అదే అయిపోయేది. ఇప్పుడు ఎవరూ కూర్చోబెట్టరు.

జూన్ 12, గురువారం

ఎదురు సీటు అమ్మాయి పలకరించింది! తనూ తెనాలిలోనే ఎక్కుతుంది. పేరు షాహీనా. రేపల్లెలో ఏదో ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేస్తుందట. రోజూ నన్ను చూస్తోందట, పలకరిద్దామా వద్దా అనుకునేలోపు రేపల్లె వచ్చేస్తుందట. నాదీ అదే గొడవ అని చెప్పొచ్చుగా. నవ్వి ఊరుకున్నాను. నా అంత మొద్దు ఇంకొకతి ఉండదు.

జూన్ 20, శుక్రవారం

షాహీనా ఒక స్టీలు డబ్బా ఇచ్చింది. వాళ్ళమ్మ చేసిన సొరకాయ పాయసం. మా అమ్మకి తెగ నచ్చింది. డబ్బా తోమి బోర్లించింది. రేపు ఇచ్చేస్తానంటే కసిరింది.

"ఖాళీ డబ్బా ఎవరైనా తిరిగిస్తారా? వాళ్ళేమనుకుంటారు?"

ఆదివారం సున్నుండలు చేస్తుందట.

జూన్ 24, మంగళవారం

సున్నుండల డబ్బా ఇచ్చాను. పల్లెకోన స్టేషన్ దాకా మాటలే మాటలు. వాళ్ళ నాన్నకి కుట్టుమిషన్ల రిపేరు షాపు. తనకున్న ఒక్క స్నేహితురాలు పెళ్ళయ్యాక ఫోనెత్తడం మానేసిందట. తనకీ ఎవరూ లేరు. నాకెంత సంతోషమేసిందో. ఒకరికి ఎవరూ లేరని సంతోషపడేదాన్ని నేనొక్కదాన్నేనేమో.

జూలై 1, మంగళవారం

వాళ్ళింటి నుంచి డబల్ కా మీఠా. ఈసారి డబ్బా పెద్దది. నన్ను "నువ్వు" అంది. రైలు దిగి ఆఫీసు దాకా నడుస్తున్నంతసేపూ నవ్వుకుంటూనే ఉన్నాను.

జూలై 8, మంగళవారం

అమ్మ కజ్జికాయలు. పైన ఖాళీ కనపడుతోందని చేగోడీలు కూరింది.

జూలై 17, గురువారం

వాళ్ళు బిర్యానీ పంపారు. అమ్మ మూత తీసింది. మంచి ఆటలో ఎదుటివాళ్ళు ఎత్తు వేసినట్టు చూసింది.

జూలై 22, మంగళవారం

గారెలు, కోడికూర. వాళ్ళ డబ్బా సరిపోదని అమ్మ మా రెండు గిన్నెల క్యారేజీ తీసింది. వద్దంటే వింటుందా?

జూలై 24, గురువారం

రైల్లో మేం మాట్లాడుకునేది ఏంటో ఇవాళ గమనించాను. గారెల్లో అల్లం వేశారా. కజ్జికాయల్లో కొబ్బరి ఎండుదా పచ్చిదా. మా అమ్మ అడగమంది, మీ అమ్మకి చెప్పు... మొన్న ఆఫీసు బాత్రూంలో ఎందుకు ఏడ్చానో తనకి చెప్పాలని ఎక్కాను. చెప్పకుండానే దిగాను.

ఆగస్టు 1, శుక్రవారం

షాహీనా ఈ వారమంతా రాలేదు. మెసేజ్ పెట్టాను. "బాగానే ఉన్నానండి" అని జవాబు. అండి!

ఆగస్టు 6, బుధవారం

రేపల్లెలో దిగుతూ చూశాను. వెనక పెట్టెలోంచి దిగింది. నన్ను చూసి చున్నీ సర్దుకుంటూ గబగబా వెళ్ళిపోయింది. అంటే రోజూ వస్తోంది. పెట్టె మార్చింది. నేనేం చేశాను? ఏదైనా అన్నానా? అన్నవన్నీ తిరగేసుకున్నాను... గారెలూ కజ్జికాయలూ తప్ప ఏమీ దొరకలేదు.

ఆగస్టు 8, శుక్రవారం

థైరాయిడ్ పరీక్ష అని చెప్పి వాళ్ళ ల్యాబ్‌కి వెళ్ళాను. సిగ్గుగా ఉంది రాయడానికి. మనిషిని చూడటానికి రక్తం ఇచ్చి వచ్చాను.

నా చేతికి రబ్బరు పట్టీ కట్టి, తల ఎత్తకుండా చెప్పింది. వాళ్ళమ్మ జారిపడి మణికట్టు విరిగిందట. తనకి వంట రాదట.

"మీ క్యారేజీ మా ఇంట్లోనే ఉందండి. ఖాళీది ఎలా తెచ్చివ్వను? అమ్మ ఒప్పుకోదు. మీకు ముఖం చూపించలేక..."

దీనికా! నవ్వొచ్చింది. తను నవ్వలేదు.

"ఖాళీదే ఇచ్చెయ్ షాహీనా," అన్నాను. క్యారేజీ పోతే పోయింది, నువ్వు వచ్చి నా ఎదురుగా కూర్చో అని కూడా అనాలి. నోటిదాకా వచ్చింది. అప్పుడే సూది గుచ్చింది. తర్వాత ఇంకెవరో వచ్చారు. వాళ్ళమ్మకి ఎలా ఉందని కూడా అడగలేదు.

ఆగస్టు 12, మంగళవారం

మా పెట్టెలోకి వచ్చింది. క్యారేజీ నా ఒళ్ళో పెట్టింది. కొత్తదానిలా తోమి ఉంది. తేలిగ్గా ఉంది.

"చూసుకోండి. స్పూను కూడా లోపలే ఉంది."

నేను అడిగింది క్యారేజీ అనుకుంది. పక్కకి జరిగి చోటిచ్చాను. బ్యాగు వెనక పెట్టెలో ఉందని వెళ్ళిపోయింది. లేచి వెంట వెళ్ళొచ్చు. ఒళ్ళో క్యారేజీ పట్టుకుని అలాగే కూర్చున్నాను. రేపల్లె వచ్చేసింది.

ఇంట్లో అమ్మ మూత తీసి చూసింది. ముఖం మారింది. జరిగిందంతా చెప్పాను. అయ్యో, ఆవిడ చెయ్యి విరిగితే ముందే చెప్పొద్దా అని నన్నే తిట్టింది. రేపు కూర, పప్పు చేసి ఇస్తుందట, తీసుకెళ్ళాలట. తీసుకెళ్తే మళ్ళీ అదే క్యారేజీ, మళ్ళీ తను ఖాళీది ఎలా ఇవ్వాలా అని దాక్కోవడం. తీసుకెళ్ళకపోతే ఇంతటితో సరి.

అమ్మ వంటింట్లోంచి అడుగుతోంది, బియ్యం కూడా ఎక్కువ పోయాలి, వాళ్ళింట్లో ఎంతమంది అని.

నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు.