టింబ్రెల్ దొరవారి పంతూన్లూ పదవులూ

కంపోంగ్ సెరై, పేరక్
3 మార్చి 1926

జిల్లా పోలీసు పెద్ద టింబ్రెల్ తువాన్ దొరగారికి గ్రామపెద్ద కూలుప్ సెమాన్ వెయ్యి సలాములు.

రంజాన్ పండగ వెళ్లాక మా అమ్మాయి మెలూర్ పెళ్లి. పోయినేడు బిలాల్ గారింటి పెళ్లిలో తమరు సొంతంగా కట్టి చదివిన నలభై ఒక్క పంతూన్ పద్యాలు ఊరు ఇంకా మరిచిపోలేదు. పెద్ద అతిథి ముగించేదాకా అన్నంలో చెయ్యి పెట్టకూడదు కదా, నెయ్యన్నం చల్లారి గడ్డకట్టినా ఒక్కరూ కదల్లేదు! ఇంతటివారు ఈ మారుమూల ఉండిపోవడం అన్యాయమని గవర్నరుగారికి అర్జీ పెట్టాం. తమరికి పెద్ద పదవిచ్చి వెంటనే దూరంగా పంపమన్నాం.

విధేయుడు,
కూలుప్ సెమాన్

తా.క. 'వెంటనే' కింద రెండు గీతలు గీశాం.

తైపింగ్, 9 మార్చి

ప్రియమైన కూలుప్ గారికి,

కళ్లు చెమర్చాయండీ! ఇన్‌స్పెక్టరుగా ఈ దేశంలో దిగి ఇరవై రెండేళ్లు. ఎక్కడికి వెళ్లినా జనం అర్జీలు పెట్టి మరీ నన్ను పైకి పంపారు. కానీ మెలూర్ పెళ్లి చూడకుండా కదులుతానా? పదవి వచ్చినా పెళ్లయ్యాకే వెళ్తానని పైకి రాసేశాను. అరవై పంతూన్లు సిద్ధం.

మీ మిత్రుడు,
టింబ్రెల్

తా.క. వియ్యంకుడికి పద్యాలంటే ఇష్టమేనా?

కంపోంగ్ సెరై, 15 మార్చి

తువాన్ గారికి సలాములు.

వియ్యంకుడు హాజీ ఊదా ఆకలికి ఆగలేని మనిషి. బిలాల్ గారింటి పెళ్లిలో ఆయనా ఉన్నాడు. ఈసారీ భోజనం ఆలస్యమైతే పెళ్లికొడుకుని పడవెక్కించి తీసుకుపోతానంటున్నాడు. తప్పు వంటవాడిదే లెండి. పైగా దారిలో ఏనుగు తిరుగుతోంది. తమరు శ్రమపడి రావద్దు.

కూలుప్ సెమాన్

తా.క. ఏనుగు ఒకటి కాదు, మూడు.

తైపింగ్, 20 మార్చి

కూలుప్ గారూ,

దిగులు పడకండి. ఏనుగుల్ని తరమడానికి ఇరవైమంది పోలీసుల్ని పంపుతున్నాను. వంటవాడి చేతకానితనానికి పిల్ల పెళ్లి చెడిపోవడమా? మా వంటవాణ్ణి తెస్తాను. వడ్డించేదాకా హాజీగారికి విసుగు రాకుండా చూసే పూచీ నాది.

టింబ్రెల్

తా.క. పంతూన్లు ఎనభై అయ్యాయి.

కంపోంగ్ సెరై, 27 మార్చి

తువాన్,

క్షమించండి. ఏనుగుల్లేవు. మీ పోలీసులు నాలుగు రోజులుగా మా అరటితోటలో వెతుకుతున్నారు. వంటవాడు బంగారంలాంటి మనిషి. తమరు పంతూన్ ఎత్తుకుంటే మాకు ఆకలేస్తుంది, అంతే! పెద్దవారికి మొహం మీద చెప్పడం మాకు చేతకాదు. అందుకే పదవి ఇప్పించి పంపేద్దామనుకున్నాం. పెళ్లి తప్పిపోతుందని మెలూర్ మూడు రోజులుగా ఏడుస్తోంది. ఇప్పుడు నన్ను జైల్లో పెట్టినా సరే.

కూలుప్ సెమాన్

తా.క. మిగతా ఊళ్లవాళ్లూ ఇందుకే అర్జీలు పెట్టారట. నిన్న సంతలో చెప్పుకుని ఒకటే నవ్వు.

కౌలాలంపూర్, 8 ఏప్రిల్

కూలుప్ గారికి,

మీ అర్జీ పారింది. నన్ను ఇక్కడికి పిలిపించి ఈ మలయా రాష్ట్రాలన్నిటికీ పోలీసు పెద్దను చేశారు, పనిలో చేరేది మాత్రం పెళ్లయ్యాకే. దొంగల్ని పట్టి పైకొచ్చాననుకున్నానండీ, ఇన్నేళ్లూ! మీ ఉత్తరం చదివి మనసు చివుక్కుమంది. తర్వాత నవ్వొచ్చింది, ఎంతకీ ఆగలేదు.

ఎనభై పంతూన్లూ పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఏడవొద్దని మెలూర్‌తో చెప్పండి. పెళ్లికి వస్తాను. అందరికంటే ముందు నేనే అన్నంలో చెయ్యి పెడతాను, హాజీగారిని నా పక్కనే కూర్చోబెట్టండి.

మీ టింబ్రెల్

తా.క. నా పైన ఇంక పదవి లేదట, మా గుమాస్తా చెప్పాడు. ఇక ఏ ఊరు అర్జీ పెట్టినా నన్ను కదపలేరు. కాబట్టి భోజనాలయ్యాక ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నాలుగే పాదాలు.