వల గుండ్లు, మిన్ను మాటలు

బాపుకు, అవ్వకు, అక్కకు మీ లత దండాలు పెట్టి రాస్తున్నది. అందరూ బాగున్నారా? అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను బాగున్నాను, ఫికర్ చేయకండి.

హైదరాబాదులో చలి మొదలైంది. హాస్టల్ సాంబారు తియ్యగా ఉంటుంది. మన చెన్నూరు చేపల పులుసు గుర్తొస్తే ముద్ద దిగదు. ల్యాబ్ టెక్నీషియన్ చదువు మాత్రం బాగా సాగుతున్నది.

బాపూ, నా చిన్నప్పుడు నువ్వు పాత బ్యాటరీల సీసం పొయ్యి మీద కరిగించి వలకు గుండ్లు పోస్తుంటే, పక్కనే కూర్చునేదాన్ని. కరిగిన సీసం అద్దంలా కదిలేది. చల్లారిన గుండు నోట్లో వేసుకుంటే, "ఉమ్ము బిడ్డా, అది పిప్పరమెంటు కాదు" అని నవ్వేవాడివి. ఇల్లంటే నాకు ఇప్పటికీ ఆ పొయ్యి పక్కనే.

పోయిన నెల పాఠంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. సీసం ఒంట్లో చేరితే పసిపిల్లలు నేర్చిన మాటలు కూడా మరచిపోవచ్చట. అక్క బిడ్డ మిన్నుకు రెండేళ్లు, ఇప్పుడు అదీ ఆ పొయ్యి కాడనే ఆడుతుంది. బతుకమ్మకు నేను ఇంటికి వచ్చినప్పుడు "చిన్నమ్మా, చేప" అంటూ నా వెంట తిరిగింది. ఇప్పుడు వేలు చూపిస్తుందే తప్ప నోరు విప్పడం లేదని, కడుపు నొప్పని ఏడుస్తుందని అక్క చెప్పింది. మీరు దిష్టి తీశారు.

ఇది సీసం వల్లేమోనని ఫోన్‌లో చెప్తే నవ్వావు. "నాలుగు పుస్తకాలు సదివి డాక్టరమ్మవైనవా? నువ్వు గా పొయ్యి కాడనే పెరిగినవు గదా, నీకేమైంది?" అన్నావు.

అందుకే నా రక్తం పరీక్ష చేయించుకున్నాను. బాపూ, నాలోనూ ఉండకూడనంత సీసం ఉంది. మా మేడం చూసి, "నువ్వు పెద్దదానివి. పసిపిల్లకు జర కూడా మంచిది కాదు, జల్ది తీస్కరమ్మను" అన్నది. నిన్ను తప్పు పట్టడం లేదు. మనకెవరికీ తెలియలేదు.

చాలామంది పిల్లల్లో పైకి ఏమీ కనబడదు, రక్తంలోనే తేలుతుంది. వేలి కొసన తీస్తే చేతికంటిన సీసం కలిసి లెక్క తప్పవచ్చు, కాబట్టి మోచేతి నరం నుంచి తీస్తారు. ఇకమీదట ఇంట్లో సీసం కరిగించకు. వలలు మిన్నుకు అందకుండా పెట్టు. బట్టలు మార్చి, చేతులు కడుక్కున్నాకే దాన్ని ఎత్తుకో. ఇల్లు ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవమని అక్కకు చెప్పు.

ఉత్తరం అందిన మరునాడే అక్కను, మిన్నును తీసుకుని నువ్వూ బస్సెక్కు. సూది చూస్తే అది బెదురుతుంది, నీ ఒళ్లో అయితేనే కదలకుండా ఉంటుంది. దాని తర్వాత నీ చెయ్యి కూడా చాపాలి బాపూ. ఇన్నేళ్లుగా ఆ పొగ అందరికంటే ఎక్కువ పీల్చింది నువ్వే.

పెద్దబాపుకు, పెద్దమ్మకు నా దండాలు చెప్పు. నన్ను చదువుకు పంపిన మీ దీవెన మీద భరోసాతో,

నీ చిన్నబిడ్డ
లత