పోవడం మానేసిన ఫ్యూజు

ప్రియమైన అక్కకి,

ఫోన్ చేద్దామంటే మీ మరిది రోజంతా ఇంట్లోనే, నా పక్కనే ఉంటారు. అందుకే ఈ ఉత్తరం. జవాబు ఇంటికి కాదు, నేను దారాలు కొనే గుండీల కొట్టుకి రాయి.

ఫ్యాక్టరీ మూసేసినప్పటి నుంచీ ఆయన సరిగ్గా నవ్వింది లేదని నీకు తెలుసుగా. కుట్టుగదిలో ఒక్క ప్లగ్ పాయింటే ఉందని పోయిన వారం ఏదో విసుక్కున్నాను. మర్నాడే వైరు, పెట్టెలు కొనుక్కొచ్చి, గోడ కొట్టి మూడు కొత్తవి పెట్టేశారు. పని చేస్తున్నంతసేపూ ఈల వేస్తూనే ఉన్నారక్కా. ఇప్పుడు రెండు మిషన్లు, ఇస్త్రీ పెట్టె ఒకేసారి నడుస్తున్నాయి. ఆ ధైర్యంతో బడి పిల్లల యూనిఫారాల ఆర్డరు కూడా ఒప్పుకున్నాను.

ఒక్కటే అనుమానం. ఇస్త్రీ పెట్టె వేస్తే లైటు మసకబారుతోంది. అది మామూలేనా? వైరింగు పని చేసే అక్కని పెట్టుకుని ఇంకెవర్ని అడగను?

నీ చిట్టి

* * *

ప్రియమైన చిట్టికి,

మామూలు కాదు. అలాగని నువ్వు బోర్డులో చెయ్యి పెట్టకు.

ప్లగ్గులు పెంచితే కరెంటు పెరగదే పిచ్చిదానా. కుళాయిలెన్ని బిగించినా ట్యాంకులో నీళ్లు అన్నే. పాత పాయింటు నుంచి కొత్తది ఒకటి లాగితే, వైరు ఆ లైనుకు తగినదైతే, ఫరవాలేదు. ఆ కొత్తదాన్నుంచి ఇంకోటి, దాన్నుంచి మరోటి లాగితే మాత్రం అన్నిటి బరువూ మొదటి అతుకు మీదే పడుతుంది. ఇస్త్రీ పెట్టెకైతే మెయిన్ బోర్డు నుంచే వేరే లైను, వేరే ఫ్యూజు, మంచి ఎర్తు ఉండాలి.

మరిది ఎలా లాగాడో కనుక్కో. ఇస్త్రీ అయ్యాక స్విచ్ ఆపి, ప్లగ్గు వేడిగా ఉందేమో పట్టుకుని చూడు. ఫ్యూజు పోతోందా? అయినా ముందే నన్నొక్క మాట అడిగితే మీ ఆయన సొమ్మేం పోయింది?

నీ అక్క

* * *

ప్రియమైన అక్కకి,

మాటవరసకి అడిగినట్టు అడిగాను. ఒకదాన్నుంచి ఒకటి లాగారట. ప్లగ్గు పట్టుకోలేనంత వేడిగా ఉంది. పాత పాయింటు పాప మంచం పక్కనే కదా, అక్కడ గోడ కూడా గోరువెచ్చగా ఉంటోంది. అది చలికి వీపు అక్కడే ఆనించి పడుకుంటోంది.

ఫ్యూజు మొదట్లో రోజూ పోయేది. ఇప్పుడు పోవడం మానేసింది. ఆయన తీగ రెండు పేటలు మెలేసి బిగించారులే.

నువ్వు చెప్పింది ఆయన చెవిన వెయ్యబోయాను. సరిగ్గా అప్పుడే, "ఇన్నాళ్లకి నీకు పనికొచ్చే పని ఒకటి చేశాను" అన్నారు. ఇక నోరు పెగల్లేదు. యూనిఫారాలు ఇచ్చేసేదాకా ఎలాగో నెట్టుకొస్తాను. తర్వాత ఏదో వంక పెట్టుకుని నువ్వే రా. చూసీచూడనట్టు చూసి, నువ్వే చెప్పు.

నీ చిట్టి

* * *

చిట్టీ,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. మోయలేనంత బరువు పడితే తను కాలిపోయి ఇల్లు కాపాడటమే ఫ్యూజు పని. మీ ఆయన దాని నోరు నొక్కేశాడు. ఇప్పుడు గోడలో వైరు కాలుతున్నా ఏదీ ఆగదు.

వెంటనే ఫోన్ చేశాను. మరిదే ఎత్తి, "అంతా బ్రహ్మాండంగా ఉంది వదినా" అన్నాడు. ఆ గొంతు విన్నాక నేనూ చెప్పలేక, బాగోగులు అడిగి పెట్టేశాను. నీకైతే చెప్పగలను. అందుకే మా సూపర్‌వైజరు అటు వస్తుంటే ఇది ఇచ్చి పంపుతున్నాను.

చదవగానే మెయిన్ ఆపు. ఆ గది ఫ్యూజు పీకి ఎక్కడైనా దాచెయ్. పాప మంచం జరుపు. ఆయన అరిస్తే అరవనీ. మొగుడి పరువు కాపాడబోయి పిల్లని కాల్చుకుంటావా? ఆదివారం వస్తున్నాను.

అక్క

* * *

వదినగారికి,

గుండీల కొట్టు మూసి ఉందని మీ సూపర్‌వైజరు ఆ ఉత్తరం ఇంటికే తెచ్చి నా చేతికిచ్చాడు. మీ చెల్లెలు కుట్టడం అయిన బట్టలు కొన్ని ఇచ్చి రావడానికి వెళ్లింది. కవరు మీద ఉన్నది ఆమె పేరే, అయినా విప్పాను.

మొదట మీ మీద ఒళ్లు మండిపోయింది. మీది తప్పని తేల్చడానికే మెయిన్ ఆపి పాప మంచం పక్కనున్న ప్లగ్గు విప్పాను. వైరు మీది తొడుగు ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయింది. వెనకాల చెక్క పెట్టె నల్లగా మాడిపోయి ఉంది.

ఆమె వచ్చేసరికి ఆ కాలిన ముక్క పట్టుకుని నేల మీదే కూర్చుని ఉన్నాను. చూసి ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, "ఎవరూ చెప్పకుండానే మీరే కనిపెట్టారు, మీకున్న జాగ్రత్త ఎవరికుంటుంది" అంది. ఎంత సంతోషంగా అందో. నిజం చెబుదామంటే నాకూ నోరు పెగల్లేదు. ఇన్నాళ్లూ నా దగ్గర ఆమె మాటలు ఎలా మింగుతూ వచ్చిందో అప్పుడు తెలిసింది. నాకు సిగ్గుగా ఉంది వదినా.

కుట్టుగదికి ఇప్పుడు కరెంటు లేదు. ఆమె కిటికీ దగ్గర చేత్తో కుడుతోంది, నేను పక్కన కూర్చుని గుండీలు వేస్తున్నాను. ఆదివారం లైను మీరు లాగండి, నేను చూసి నేర్చుకుంటాను. మీ ఉత్తరం ఇంకా నా జేబులోనే ఉంది. మీరొచ్చేలోగా ఆమె చేతికిస్తాను. ఇవ్వకపోతే, ఆ ఉత్తరం ఏదని ఆమె ఎదుటే నన్ను అడగండి.

మీ మరిది