మచ్చ లేని గోలీ

ఆదివారం, రాత్రి

అయిజలో ఖాజాబీ, చనిపోయిన భర్త దాచుకున్న గాజుగోలీని నా చేతిలో పెట్టింది. అది తాతల నాటిదని ఆయన చెప్పినప్పుడల్లా సొంత తమ్ముడే అబద్ధమని నవ్వేవాడట. చేత్తో చేసిన పాత గోలీకైతే, గాజుకడ్డీ నుంచి తెంపిన చోట గరుకు మచ్చ ఉంటుంది. భూతద్దం కింద ఎంత తిప్పినా దీనికి మచ్చ కనబడలేదు. మిషన్‌లో చేసిందే.

"పాతదేనా సారూ?" అంది.

"పాతదేనమ్మా" అన్నాను.

ఆమె వెంటనే మరిదిని పిలిచింది. "విన్నవా, మీ అన్న అబద్ధమాడలే."

ముప్పై ఏళ్లుగా గోలీలు సేకరిస్తున్నాను. ఏ గోలీ గురించీ ఇంతవరకు అబద్ధం చెప్పలేదు. ఆమె మొహం చూసి చెప్పాను, అంతే. రేపు వెళ్లి నిజం చెప్పాలా? చెబితే ఆమె ఏమైపోతుంది?

నన్ను బస్సెక్కించడానికి మరిది వచ్చాడు. బస్సు రాగానే నా చేయి పట్టుకుని అడిగాడు: "ఇప్పుడు అన్నను మాఫీ ఎట్ల అడగాలె సారూ?"