బూట్లు తొడుక్కున్న మనిషి

ప్రియమైన బావగారికి,

మీ కోడలు, అదే మా అమ్మాయి, ఫోనులో ఏదో నసుగుతోంది. ఈ సెలవులకి పాపని మా ఇంటికి పంపడం మీకు ఇష్టం లేదట. పోయిన సెలవుల్లో మీరే ఎత్తుకొచ్చి దింపి వెళ్లారు కదా, ఇప్పుడేమొచ్చింది? దానికోసం పెరట్లో ఉయ్యాల కట్టించాను. మట్టి తింటోందని మీ చెల్లెలు కోప్పడితే, గుట్టుగా దాని మూతి కడిగేది నేనే. ఆఫీసు నాటి పగలు మనవరాలి మీద తీర్చుకోకండి.

పాప కోసం ఎదురుచూస్తూ,
మీ బావ

*

ప్రియమైన బావగారికి,

ఉయ్యాల సంగతి రాశారు, దాని కింద నేల సంగతి రాయలేదు. మీ ఇల్లున్న చోట ఒకప్పుడు పాత బ్యాటరీలు కరిగించేవారు. ఆ నేలలో ఉన్న సీసం వల్ల ఎంత ప్రమాదమో తేల్చే పని మన ఆఫీసుకే వచ్చింది. మీరు పై అధికారి, నేను మీ కింద మట్టి తవ్వేవాణ్ణి. కొత్తగా చేరినవాళ్లకి మీరు పాఠం చెప్పేవారు: విషం ఉండాలి, అది మనిషిని చేరే దారి ఉండాలి, చివర మనిషి ఉండాలి. మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ప్రమాదం లేనట్టే.

పాఠం మంచిదే. మీరు ఊహించుకున్న మనిషితోనే వచ్చింది చిక్కు. బూట్లు తొడుక్కుని, సిమెంటు గచ్చు మీద నడిచి, సాయంత్రం చేతులు కడుక్కుని ఇంటికెళ్లే పెద్దమనిషి ఆయన. రేపు అక్కడ ఇళ్లు లేస్తే, మట్టి నోట్లో పెట్టుకునే పిల్ల వస్తే అని నేనడిగాను. "మట్టి తినే పిల్లని ఎవడు కంటాడయ్యా?" అన్నారు మీరు. గదంతా నవ్వింది. ఆ నేలతో ప్రమాదం లేదని సంతకం పెట్టి, నన్ను సీసాలు కడిగే గదికి తోలేశారు.

ఎవరు కన్నారో ఇప్పుడు తెలిసింది. మన పిల్లలే.

ఉయ్యాల కింద మట్టి ఒక పొట్లం కట్టి పంపండి. పరీక్షలో బాగుందని తేలితే పాపని నేనే తెస్తాను.

మీ క్షేమం కోరే,
బావ

*

ప్రియమైన బావగారికి,

పొట్లం పంపుతున్నాను. ఉయ్యాల కిందే, నా చేత్తో తవ్వాను. ఆనాడు నవ్వకుండా ఉండాల్సింది, నిజమే. పాప గౌను ఒకటి ఇక్కడే ఉండిపోయింది. రోజూ తీసి మళ్లీ మడతపెడుతున్నాను. తొందరగా పంపండి.

మీ బావ

*

ప్రియమైన బావగారికి,

పరీక్ష చేసినవాళ్లు సీసం జాడే లేదన్నారు. ఉంటుందా? పొట్లం నిండా కొబ్బరి పొట్టు. మీ అమ్మాయి వేళ్లతో నలిపి చూసి, "ఇది నాన్న గులాబీ కుండీలోది మావయ్యా" అంది. తెలియనివాడైతే అడిగినచోటే తవ్వేవాడు. మీరు ఆ చోటు తప్పించి తవ్వారు.

పాపకి రక్తపరీక్ష చేయించాం. రక్తంలో సీసం ఉంది. దానికి ఇంకా మాటలు రాకపోవడానికి ఇదే కారణం కావచ్చన్నాడు డాక్టరు. మీ అమ్మాయికి అంతా నేనే విడమరిచి చెప్పాను, ఏ ముక్కా వదలకుండా.

మీ పాఠం నేను మరిచిపోలేదు. ఆ విషాన్ని తవ్విపోయలేను, దారి మూయలేను. అందుకని మనిషిని తీసేశాను. పాప ఇక రాదు. మీ అమ్మాయీ రాదు. ఉయ్యాలలో మీరు ఊగండి, బూట్లు మాత్రం విప్పకండి.

సెలవు,
మీ బావ

*

బావగారికి,

కుండీలో మట్టే. ఉయ్యాల కింద గడ్డపార దించాను గానీ, ఆ మట్టి పొట్లం కట్టడానికి చెయ్యి రాలేదు. నా సంతకాన్ని నేనే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారని ఈ ఇల్లు కొన్నాను. నమ్మలేకే గులాబీలు కూడా కుండీల్లో పెంచాను.

మట్టి తినే పిల్ల వస్తుందని అందరికంటే ముందు అన్నది మీరు. పోయిన సెలవుల్లో పాపని ఎత్తుకొచ్చి, దాని చెప్పులు మీ చేత్తోనే విప్పి ఈ పెరట్లో దింపిందీ మీరే. అది మొదటి గుప్పెడు నోట్లో పెట్టుకున్నప్పుడు నా వంక చూసి నవ్వారు. మురిపెం అనుకున్నాను.

విషం నాది. దారి మీరు.

ఇదే ఉత్తరం ఇంకో ప్రతి రాసి మా అమ్మాయికి పంపాను. ఈపాటికి చదివే ఉంటుంది. భోజనానికి పిలిస్తే వెళ్లండి, పిలిస్తే.

మీ ఒకప్పటి పై అధికారి