కుట్టని దోమలు

అక్కా,
నేను కులాసాగానే ఉన్నాను గానీ పొద్దుటి నుంచి ధ్యాసంతా నీ ఇంటి మీదే ఉంది. నిన్న మా నర్సరీ మేస్త్రీ పురుగుందేమో చూడ్డానికి నారు ట్రేలోని కొబ్బరిపొట్టు మీద పచ్చి బంగాళాదుంప ముక్క ఒకటి బోర్లించాడు. ఇవాళ ఎత్తి చూస్తే దాని అడుగంతా నల్ల తలల తెల్ల పురుగులు, దారపు పోగుల్లా లుకలుకలాడుతున్నాయి. “కొబ్బరిపొట్టు తడారకపోతే ఇవే పుడతాయిరా. రెక్కలొస్తే అచ్చం దోమల్లాగే ఉంటాయి, కానీ కుట్టవు” అన్నాడు.

వెంటనే నీ ఉత్తరం గుర్తొచ్చింది. పడకగదిలో దోమలు ముసురుతున్నాయని, చిత్రంగా ఒక్కటీ కుట్టడం లేదని రాశావు కదా. అవి నేనిచ్చిన మిరప నారులోవే. రెండు పూటలా నీళ్లు పొయ్యమన్నదీ నేనే.

ట్రేని వెంటనే గదిలోంచి తీసి బయట పెట్టు. పైపొర పొడిబారేదాకా చుక్క నీళ్లు పోయకు. పసుపురంగు అట్టముక్కకి ఆముదం రాసి పక్కన గుచ్చితే ఎగిరేవి అంటుకుంటాయి. నారు మాత్రం పారెయ్యకు. చిన్నదాని కళ్లజోడు బాగుచేయించారా?

బావ తలుపులు బిగించి రోజూ దోమల కాయిల్ వెలిగిస్తున్నాడన్నావు, దగ్గు తగ్గడం లేదన్నావు. పురుగులు పొట్టులో హాయిగానే ఉన్నాయక్కా, ఆ పొగంతా మింగింది బావ ఒక్కడే. ఆయనకి నా నమస్కారాలు తర్వాత చెబుదువుగాని, ముందు కిటికీలు తెరువు.

నీ తమ్ముడు